పసుపు కార్డు ఎలుకలు

గేటు కాపలావాడి దగ్గర్నుంచి పెద్ద డైరెక్టరు దాకా ఆ ఆవరణలో అందరూ ఆమెను ఎలుకలక్క అనే పిలుస్తారు. మొదట్లో అది వెక్కిరింతగా పుట్టిన పేరే. ఏళ్ళు గడిచాక వెక్కిరింత అరిగిపోయి, పేరు మాత్రం మిగిలింది. జీతం పుచ్చుకునేటప్పుడు తప్ప సొంత పేరుతో ఆమెకు పని పడేది కాదు.

పొద్దున్నే వచ్చి, బయటి చీర విప్పి ఆకుపచ్చ గౌను తొడుక్కుని, తలకు టోపీ, మూతికి గుడ్డ కట్టుకుని, రబ్బరు చెప్పులతో ఆ గదిలోకి అడుగుపెట్టేది. కిటికీ అన్నది లేని గది అది. దీపాలు వాటంతట అవే వెలిగేవి, వాటంతట అవే ఆరేవి. గోడల పొడుగునా ఇనుప అరలు, అరల నిండా గాజులా కనిపించే ప్లాస్టిక్ పెట్టెలు, ఒక్కో పెట్టెలో రంపప్పొట్టు పరుపు, దాని మీద ఎలుకలు. పెట్టె మూత జాలీలో మేతబిళ్ళలు ఉంటాయి. ఎలుక వెనక కాళ్ళ మీద లేచి, జాలీ పట్టుకుని కొరుక్కుని తింటుంది. ఆరోగ్యంగా ఉన్న ఎలుకకు అదేం పెద్ద పని కాదు.

చివరి అరలో ఉన్నవాటికి మాత్రం అది కొండెక్కడమే. ఆ ఎలుకలు పుట్టుకతోనే అలాంటివి. మూతి పైకెత్తి పైకప్పు చూస్తూ ఉంటాయి. నాలుగడుగులు వేస్తే మూడు తడబడతాయి. ఒక్కోసారి తల బాగా వెనక్కి విరిచి, అలాగే వెల్లకిలా పడి, కాళ్ళు గాల్లో కొట్టుకుంటాయి. జాలీ అందని వాటి కోసం ఎలుకలక్క మేతబిళ్ళలు నీళ్ళలో నానబెట్టి, మెత్తగా చిదిమి, ముద్ద చేసి పెట్టె అడుగున ఓ మూల పెట్టేది. రోజుకు ఒక్క ముద్ద, అన్ని పెట్టెలకూ ఒకే కొలత. అది ఆ గది పద్ధతి.

మురికి పెట్టెలు కడిగే గదికి తోసుకెళ్ళి, కడిగినవి తోసుకొచ్చే ట్రాలీ బాబాయి రోజూ ఆ అర దగ్గర ఓ నిమిషం ఆగేవాడు.

"అమ్మాయ్, నీ జ్యోతిష్కులు ఏమంటున్నారు? వానొస్తుందా?"

"నీ మోకాళ్ళనడుగు బాబాయి. అవి వీటికంటే ముందే చెప్తాయిగా."

"నా మోకాళ్ళు అబద్ధాలు మానేసి చాలా కాలమైంది. ఇప్పుడు నొప్పంటే నొప్పే."

ఆ నవ్వులో ఆమె మనస్ఫూర్తిగా కలిసేది కాదు. ఆ ఎలుకల తడబాటునే సాయంత్రం ఇంట్లో మళ్ళీ చూడాలి మరి.

ఆమె తమ్ముడు బోర్డులు రాసేవాడు. సైకిళ్ళ కొట్టు వెనకాల రెండు గదుల్లో ఉండేవారు ఇద్దరూ. పెళ్ళి అతనికి కుదరలేదు, ఆమెకు కుదిరినా నిలవలేదు. ఆ ఊళ్ళో మందుల షాపుల మీద, బట్టల కొట్ల మీద, బడి గోడల మీద సగం అక్షరాలు అతని చేతివే. దారం కట్టకుండా గీత గీస్తే దారం కట్టినట్టుండేది. ముందు అక్షరాల తోకలు వణికాయి. చూపు మందగించిందనుకుని కళ్ళజోడు కొన్నాడు. తర్వాత నిచ్చెన మీద కాలు ఎక్కడ పెట్టాలో కాలికి తెలియకుండా పోయింది. తర్వాత చదునైన నేల మీద కూడా.

ఇప్పుడతను ఇంట్లో గోడ పట్టుకుని నడుస్తాడు. మంచం దగ్గర్నుంచి గుమ్మం దాకా, అతని అరచెయ్యి ఎత్తులో, సున్నం మీద మసక చారొకటి పడింది. అక్క చెయ్యి అందిస్తే పుచ్చుకునేవాడు కాదు.

"ముసలాణ్ణి కాలేదు గానీ, ఆ చెయ్యి నువ్వే ఉంచుకో. గోడ జీతం అడగదు."

పెద్దాసుపత్రిలో తిప్పి తిప్పి పరీక్షలు చేశారు. చిన్నమెదడు జబ్బు, పుట్టుకతో వచ్చిందే, వయసుతో బయటపడింది, మందు లేదు అన్నారు. ఆ కాగితాలు సంచిలో పెట్టుకుని చాలాకాలం తిరిగాక, ఒకరోజు ఎలుకలక్క ధైర్యం చేసి, చివరి అర ఎలుకలతో పరిశోధన చేసే డాక్టరమ్మ ముందు పెట్టింది. డాక్టరమ్మ చేతి తొడుగులు విప్పి, వరండాలో నిలబడే అవి చదివింది.

"అక్కా, ఇది సరిగ్గా మన ఎలుకల జబ్బు కాదు. కానీ దీనికి చుట్టమే."

"ఏ వరసమ్మా?"

"దగ్గర వరసే." డాక్టరమ్మ గోడకానుకుంది. "నరాల కణాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. ఒకటి తన అంచు నుంచి ఓ చుక్క రసాయనం వదుల్తుంది. పక్కది దాన్ని వినాలి. వినడానికి దాని అంచున చెవుల్లాంటివి ఉంటాయి. రిసెప్టర్లంటాం."

"వీటికి ఆ చెవుల్లేవా?"

"ఉన్నాయి. అదే విచిత్రం. చెవులు కణం లోపల తయారవుతాయి, బాగానే తయారవుతాయి. కానీ వాటంతట అవి అంచుకి రాలేవు. చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, అవతలివాడి నోటికి సరిగ్గా ఎదురుగా నిలబెట్టే ప్రోటీన్ ఒకటుంది. ఈ ఎలుకల చిన్నమెదడులో అది లేదు. చెవులు లోపలే పడుంటాయి."

"అవతలివాడు అరుస్తూనే ఉంటాడు."

"అరుస్తూనే ఉంటాడు."

ఆ సాయంత్రం తమ్ముడికి ఈ సంగతి చెప్పడానికి ఎలుకలక్కకు అన్నం ఉడికేంత సేపు పట్టింది. అతను మంచం మీద కూర్చుని శ్రద్ధగా విన్నాడు.

"అంటే సరుకు గోడౌన్‌లో ఉంది, కొట్లోకి మోసేవాడు లేడు. అంతేనా? ఈ ముక్క చెప్పడానికి ఆసుపత్రి వాళ్ళు నా వెన్నులో సూది ఎందుకు గుచ్చారక్కా?"

చాలా రోజుల తర్వాత ఆమె నవ్వింది.

*

మరుసటి ఏడాది డాక్టరమ్మ మందు తయారుచేసింది. ఏ హానీ చెయ్యని వైరస్ ఒకదాని మీద ఆ ప్రోటీన్ తయారీ విధానాన్ని ఎక్కించి, పిల్ల ఎలుకల చిన్నమెదడులోకి సూదితో పంపడం. సగం ఎలుకలకు మందు, సగానికి ఉత్త ఉప్పునీళ్ళు. ఒక గుంపు పెట్టెలకు పసుపు కార్డులు, ఇంకో గుంపుకు తెల్ల కార్డులు. ఏ రంగుకు ఏది పడిందో పై అంతస్తులో లెక్కలు చూసే ఒక్క మనిషికే తెలుసు. చివరిదాకా డాక్టరమ్మకూ తెలియకూడదు. తెలిస్తే కళ్ళు కోరుకున్నదే చూస్తాయట.

"అక్కా, అన్నిటినీ ఒక్కలాగే చూడండి. ఒకటే మేత, ఒకటే నీళ్ళు, ఒకటే పరుపు. మర్చిపోకండి."

"ఇన్నేళ్ళలో ఎప్పుడు మర్చిపోయానమ్మా?"

డాక్టరమ్మ వెళ్ళబోతూ ఆగింది. "నడకలో తేడా కనిపిస్తే, ఆ తర్వాత మనుషులకు వేసే మాట మొదలవుతుంది. మీ తమ్ముడి పేరు నేను ముందే రాయిస్తాను. మాటివ్వట్లేదు. రాయిస్తానంతే."

అదే ఆమెకు మాటిచ్చినంత పనైంది.

సూదులు పడిన రోజు మధ్యాహ్నం, సూదికి ముందిచ్చిన మత్తులోంచి ఎలుకలు లేవాల్సిన వేళైంది. తెల్ల కార్డువి చకచకా లేచాయి. పసుపువి లేవలేదు. సాయంత్రం దాకా జుట్టు రేగి, కళ్ళు మూసుకుని, ఒకదాని మీద ఒకటి ముద్దలా పడుకున్నాయి. ఎలుకలక్క ఆ పెట్టెల ముందు చాలాసేపు నిలబడింది. ఆసుపత్రి వాళ్ళిచ్చిన మాత్ర ఏదేసుకున్నా తమ్ముడు ఇలాగే పడుకునేవాడు. ఉప్పునీళ్ళకు అంతసేపు మత్తెందుకుంటుంది? మందు పడితేనే మనిషైనా ఎలుకైనా సోలిపోయేది. మందు పడింది పసుపు వాటికేనని ఆమెకు ఆ క్షణంలో రూఢి అయిపోయింది.

పసుపు పెట్టెల వంతు వచ్చినప్పుడు సూది వేసింది చెయ్యి తిరగని కొత్తమనిషి అనీ, ఒక్కోదానికి ఎక్కువసేపు పట్టి మత్తు ఎక్కువ ఇవ్వాల్సి వచ్చిందనీ ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన పని ఎవరికీ కనపడలేదు.

మందు సగం, పథ్యం సగం అనేది వాళ్ళమ్మ. జ్వరమొచ్చినా, ఎముక విరిగినా, కాన్పు అయినా అదే మాట. మాత్ర వేసి పస్తు పడుకోబెడితే ఆ మాత్ర కడుపునే తింటుందనేది. ఆ మాట ఎలుకలక్క ఒంట్లో ఎముకలాగే పెరిగింది. ఇంత గొప్ప మందు ఆ పసిమెదళ్ళలో పడ్డాక, అది చెవుల్ని చెయ్యి పట్టుకుని నడిపించాలంటే దానికి బలం వద్దా?

మర్నాటి నుంచి పసుపు పెట్టెల్లో రెండో ముద్ద పడింది. పాలిచ్చే తల్లి ఎలుకల కోసం ఉంచిన పొద్దుతిరుగుడు గింజలు నలిపి అందులో కలిపేది. వెల్లకిలా పడినవాటిని వేలితో మెల్లగా తిప్పి నిలబెట్టేది. గూడు కట్టుకోమని ఇంకాస్త దూది వేసేది. తెల్లవాటి వాటాలో చిటికెడైనా తగ్గించలేదు. అంత పాపం చెయ్యలేనని తనకు తాను చెప్పుకునేది. మోసం అనే మాట ఆమె మనసుకు తట్టనే లేదు. పరీక్షకు వెళ్ళే పిల్లకు తల్లి పొద్దున్నే ఇంకో ముద్ద పెడితే అది మోసమవుతుందా?

తెల్ల పెట్టెల వంక ఆమె చూసేది తక్కువ. అవి ఉప్పునీళ్ళ బిడ్డలు, వాటికి ఆశ లేదు. ఆశ లేనివాళ్ళ కళ్ళలోకి చూడ్డం ఇంట్లో ఒకచోట చాలనుకుంది. మేత పడేసి, నీళ్ళ సీసా మార్చి, మూత పెట్టేసేది.

"అమ్మాయ్, నీ తెల్ల కార్డోళ్ళు కూడా కాస్త నిలదొక్కుకున్నట్టున్నారే," అన్నాడు ట్రాలీ బాబాయి ఓ రోజు.

"అలవాటు పడ్డాయిలే బాబాయి. పడగా పడగా పడ్డం కూడా వచ్చేస్తుంది."

"అవును. నాకు పెళ్ళి అలాగే వచ్చేసింది."

ఇంట్లో తమ్ముడు ప్రతి సాయంత్రం ఆమె చెప్పులు విప్పకముందే అడిగేవాడు.

"మనవాళ్ళెలా ఉన్నారు?"

"ఇవాళ ఒకటి లేచి జాలీ పట్టుకుంది రా. మేత తనే కొరుక్కుంది."

"పసుపుదేనా?"

"పసుపుదే."

"దానికేం వయసు? మనుషుల్లెక్కలో?"

"నీకంటే చిన్నదే."

"అయితే నాకు ఇంకాస్త టైం పడుతుంది," అనేవాడు, బేరం కుదిరిన కొట్టువాడిలా తలాడిస్తూ.

ఒకరోజు బ్రష్షులు తీసి కిరసనాయిల్లో నానబెట్టమన్నాడు. సైకిళ్ళ కొట్టాయన బోర్డు వెలిసిపోయింది, రాసిస్తానని మాటిచ్చేశాడట. రేకు తెప్పించి, మంచానికి ఆనించి, సుద్దముక్కతో అక్షరాలు గీశాడు. ముందు వరస పొందిగ్గా వచ్చింది. ఎడం చేత్తో కుడి మణికట్టు బిగించి పట్టుకుని మొదటి అక్షరానికి ఎర్రరంగు పోశాడు. ఎలుకలక్క వంటగది గుమ్మంలో నిలబడి చూస్తోంది. రెండో అక్షరం సున్నా చుట్టే చోట బ్రష్షు గీత దాటి, రేకు దాటి, దుప్పటి మీదకు పోయింది. అతను బ్రష్షు వంక చూశాడు, అది వేరే ఎవరిదో అయినట్టు.

"మందు రానీ, అప్పుడు పూర్తి చేస్తా," అని రేకును గోడవైపు తిప్పి పెట్టించాడు. కొట్టాయన ఎప్పుడూ అడగలేదు.

*

ఎలుకలకు పరీక్ష పెట్టే కడ్డీ పక్క గదిలో ఉంది. మెల్లగా తిరిగే కడ్డీ మీద ఎలుకను నిలబెడతారు. ఎంతసేపు పడకుండా ఉందో యంత్రం చెబుతుంది. పరీక్షలు జరిగిన వారమంతా ఎలుకలక్క పసుపు పెట్టెలు తనే మోసుకెళ్ళి తనే మోసుకొచ్చింది. అవి కడ్డీని గట్టిగా పట్టుకోవడం తలుపు అద్దంలోంచి చూసింది. ఇంటికెళ్ళి తమ్ముడికి చెప్పింది కూడా. తెల్లవాటి పరీక్షప్పుడు ఆమె కడిగే గదిలో సీసాలు తోముతోంది.

ఆ పైన పెట్టెకొకటి చొప్పున ఎలుకల మెదళ్ళు కోసి చూశారు. తర్వాత డైరెక్టరూ మిగతా పెద్దవాళ్ళూ సమావేశమయ్యారు. తర్వాత ఒక పొద్దున డాక్టరమ్మ గదిలోకి వచ్చి, చివరి అర ముందు నిలబడింది.

"తేడా లేదక్కా. రెండు గుంపులూ ఒక్కలాగే నిలబడ్డాయి. ఈ పని ఆపేయమన్నారు. ఈ అర ఇంకొకరికి ఇచ్చేశారు. ఇవాళే ఖాళీ చెయ్యాలి. పిల్లల్ని కనే జంటలతో సహా."

ఎలుకలక్క పెట్టెల వంక చూసింది. తేడా లేకపోవడమేమిటి? కళ్ళారా చూసిందే. కానీ చెప్పిన పని చేసే మనిషి ఆమె. పెట్టెలు ఒక్కొక్కటే దించి, గ్యాసు వదిలే డబ్బా దగ్గరకు తీసుకెళ్ళింది. ఎలుకలు ఎప్పటిలాగే మూతి పైకెత్తి చూస్తున్నాయి. ఆమె మూత వేసింది. మీట తిప్పింది. ట్రాలీ బాబాయి ఆ పూట ఒక్క జోకూ వెయ్యలేదు.

అంతా అయ్యాక చేతులు కడుక్కుని డాక్టరమ్మ గదికెళ్ళింది. డాక్టరమ్మ బల్ల ముందు ఊరికే కూర్చునుంది.

"అమ్మా, ఒక్క మాట. మందు లోపల పని చెయ్యనే లేదా?"

"అదే నాకూ అర్థం కావట్లేదక్కా. మెదడు ముక్కల్లో చూస్తే ప్రోటీన్ ఉంది. చెవులు అంచుకి వచ్చి నిలబడ్డాయి, సరిగ్గా రావాల్సిన చోటికే. నా కళ్ళతో చూశాను. అయినా నడకలో ఉప్పునీళ్ళ వాటికంటే ఏమీ మెరుగు లేదు. చెవులొచ్చినంత మాత్రాన చాలదన్నమాట, మనం అనుకున్నదే తప్పు అన్నారు పెద్దవాళ్ళు."

"పసుపు వాటికే కదమ్మా చెవులొచ్చింది?"

"కాదు. తెల్లవాటికి. పసుపువి ఉప్పునీళ్ళు."

ఎలుకలక్క కుర్చీ అంచు పట్టుకుంది. కూర్చోమని డాక్టరమ్మ అనేలోపే చెప్పడం మొదలుపెట్టింది. రెండో ముద్ద సంగతి, గింజలు, దూది, తిప్పి నిలబెట్టిన వేలు. మత్తు చూసి మందనుకున్న సంగతి. అమ్మ మాట కూడా చెప్పింది. డాక్టరమ్మ ముఖం మెల్లగా, తడి ఆరిన మన్నులా గట్టిపడింది.

"ఎన్నాళ్ళు పెట్టారు?"

"సూదులు పడిన మర్నాటి నుంచీ."

డాక్టరమ్మ రెండు చేతులతో ముఖం కప్పుకుని, తీసింది. "అంటే తిండికి లేచినవి పసుపువి. మరి తెల్లవి..." అక్కడ ఆగిపోయింది. "తెలీదు. ఇప్పుడిక ఔననడానికీ లేదు, కాదనడానికీ లేదు."

"మళ్ళీ చెయ్యండమ్మా. ఈసారి నన్ను ఆ గదిలోకి రానివ్వకండి. గేటు బయట నిలబడతాను."

"వేటితో చెయ్యనక్కా? పొద్దున ఉన్నాయి. ఇప్పుడు లేవు."

మీట తిప్పిన చెయ్యి ఎలుకలక్కదే.

"ఆ జాతి ఎలుకల్ని దూరం నుంచి మళ్ళీ తెప్పించాలి. దానికి మళ్ళీ వాళ్ళనే అడగాలి. అడుగుతాను. 'మా గదిలో మేతకే పద్ధతి లేదు, మా లెక్కలు నమ్మకండి, కానీ ఇంకోసారి అవకాశమివ్వండి' అని రాస్తాను. ఏమంటారో మీకూ తెలుసు, నాకూ తెలుసు."

"ఒకవేళ ఇస్తే? ఎప్పటికవుతుందమ్మా?"

డాక్టరమ్మ ఆమె వైపు చూడలేదు. "మీ తమ్ముడు ఇప్పుడు ఎలా తింటున్నాడు? మింగడం బాగానే ఉందా?"

ప్రశ్నకు ప్రశ్నే జవాబని, తమ్ముడికి అంత టైం లేదని ఎలుకలక్కకు అర్థమైంది. "నన్ను నాలుగు తిట్టండమ్మా," అంది.

"మీరు వెళ్ళండక్కా. ఇవాళ్టికి వెళ్ళండి."

*

ఆ సాయంత్రం ఆమె చెప్పులు విప్పడానికే చాలాసేపు పట్టింది. తమ్ముడు మంచం మీద కూర్చుని ఎదురుచూస్తున్నాడు.

"మనవాళ్ళేమన్నారు?"

దారి పొడుగునా అబద్ధమొకటి తయారు చేసుకుంటూ వచ్చింది. మందు పని చెయ్యలేదు, అంతే అని. గుమ్మంలోకి వచ్చేసరికి అది నోట్లో నిలవలేదు. చెప్పేసింది. ఎంత చెప్పాలో తెలియక అంతా చెప్పేసింది.

"తెల్లవి ఏం తిన్నాయి?"

"అన్నిటికీ పెట్టేదే. ఒక ముద్ద."

"గింజలు?"

"లేవు."

"పడితే తిప్పి నిలబెట్టావా?"

"లేదు రా. వాటి వంక చూడనే లేదు."

"అయినా నిలబడ్డాయి."

ఆమె తలూపింది. అతను బోర్డులు కొలిచినట్టు, పెదవులు కదుపుతూ లోపలే ఏదో కొలుచుకున్నాడు.

"అంటే పని చేసిందక్కా," అన్నాడు చివరికి. గొంతులో కోపం లేదు. ఉన్నా బాగుండేదనిపించింది ఆమెకు. "చేసే ఉంటుంది."

"డాక్టరమ్మ తెలీదంది."

"ఆవిడకి తెలీకపోవచ్చు. చదువుకున్నావిడ, రుజువు కావాలి. నాకేం రుజువు?" నవ్వబోయి మానేశాడు. "పోనీలే. పసుపు వాళ్ళన్నా కడుపు నిండా తిన్నారు."

ఆమె వంటగదిలోకి పోయి పొయ్యి వెలిగించింది. ఈమధ్య అతని కోసం అన్నం మెత్తగా ఉడికించి, చారు పోసి, గరిటెతో చిదుముతోంది. చిదుముతుంటే చెయ్యి ఆగిపోయింది. ఇదే పట్టు, ఇదే తిప్పుడు. కాసేపాగి మళ్ళీ చిదిమింది. ఆకలి ఆగదు కదా.

పళ్ళెం తీసుకుని వచ్చేసరికి అతను మంచం దిగి నిలబడి ఉన్నాడు. పెరటి గుమ్మం దాకా పోవాలి, చేతులు కడుక్కోవడానికి. పక్కనే గోడ ఉంది, గోడ మీద చార ఉంది. సైకిళ్ళ కొట్టాయన రేకు ఇంకా గోడవైపే తిరిగి ఉంది. ఆమె ఎప్పటిలా చెయ్యి అందించలేదు. వద్దంటాడని తెలుసు. పైగా ఆ పూట తన చెయ్యి ఎవరికైనా అందించడానికి ఆమెకు మనసొప్పలేదు.

అతను గోడ వైపు చూశాడు. తర్వాత ఏమీ అనకుండా, గోడ జీతం ఊసెత్తకుండా, వణుకుతున్న చేతిని ఆమె వైపు చాపాడు.

ఎలుకలక్క పళ్ళెం కింద పెట్టింది. ఆ చెయ్యి పట్టుకుని, అడుగు తర్వాత అడుగు, అతన్ని గుమ్మం దాకా తీసుకెళ్ళింది.